ఇంజన్ ఆయువు... అరగాజంత రేకులో!

కారు ఇంజన్ పనికొచ్చిందంటే పిస్టన్ల గురించీ, బోరు గురించీ అందరూ అడుగుతారు. బేరింగుల ఊసెత్తేవాళ్లు తక్కువ. ఖర్చులో చిన్న పద్దే అయినా, పెట్టిన మిగతా ఖర్చంతా నిలబడేది వాటి మీదే. తెనాలి, బాపట్ల, రేపల్లెల మీదుగా ఓ చుట్టు చుట్టివస్తే ఆ చిన్న రేకుల పెద్ద కథ అర్థమవుతుంది.

తెనాలిలో ఇనుప తుక్కుకి కూడా యోగం ఉంటుంది. పాడైపోయిన నట్లు, బోల్టులు, గొలుసులు, పళ్ల చక్రాలు ఇక్కడి సూర్య శిల్పశాలకు చేరితే విగ్రహాలై లేచి నిలబడతాయి. శిల్పి కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర 2021లో తుక్కు సామానుతోనే 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహాన్ని తయారుచేసి దేశమంతటా వార్తల్లోకెక్కారు. చూసేవాళ్లకు అది కళ. పాత కారున్నవాళ్లకు మాత్రం అందులో చిన్న హెచ్చరిక కూడా కనిపిస్తుంది. తన ఇంజన్ ఇంకొన్నేళ్లు రోడ్డు మీద తిరగాలా, తుక్కు కొట్టుకు చేరాలా అన్నది చాలాసార్లు తేల్చేది ఇంజన్‌లోకెల్లా మెత్తనైన వస్తువు. అదే బేరింగు.

అద్దెకు తిప్పే కారు మీదే బతుకుతున్న ఇంట్లో ఇంజన్ దిగిందంటే ఆరోజు నుంచి ఆదాయం ఆగినట్టే. అప్పో సప్పో చేసి పని చేయిస్తారు. నెల తిరక్కుండా అదే ఇంజన్ మళ్లీ దింపాల్సి వస్తే ఆ ఇల్లు కోలుకోవడం కష్టం. అందుకే బేరింగు ఎంపిక ఒక్క మెకానిక్ తెలుసుకుంటే సరిపోయే సంగతి కాదు. కారు సొంతదారుకూ నాలుగు ముక్కలు తెలిసుండాలి.

గోళీలు ఉండవు

బేరింగు అనగానే సైకిల్ చక్రంలోని ఉక్కు గోళీలు గుర్తొస్తాయి. కారు ఇంజన్‌లో క్రాంక్ షాఫ్టును మోసేవి అలా ఉండవు. గాజును సగానికి కోస్తే ఎలా ఉంటుందో అలాంటి రెండు రేకులు. రెండూ కలిస్తే ఒక గుండ్రని గూడు. అందులో షాఫ్టు తిరుగుతుంది. ఇంజన్ బ్లాకులో షాఫ్టును పట్టుకునేవి మెయిన్ బేరింగులు. పిస్టన్‌ను షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు అడుగున ఉండేవి బిగ్ ఎండ్ బేరింగులు. షాఫ్టు ముందుకూ వెనక్కూ కదలకుండా ఆపేవి త్రస్ట్ వాషర్లు.

ఏ ఇంజన్‌లో ఎన్ని? 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌నే తీసుకుందాం. దాని పాత 1489 సీసీ ఇంజన్‌లో సిలిండర్లు 4, మెయిన్ బేరింగులు మాత్రం 3. అంటే ఒక్కో బేరింగు మీద బరువు ఎక్కువే. 1983లో వచ్చిన మారుతి 800లో సిలిండర్లు 3 అయితే మెయిన్ బేరింగులు 4. ఇప్పటి నాలుగు సిలిండర్ల కార్లలో సాధారణంగా 5 ఉంటాయి.

రేకు వీపు ఉక్కు. లోపలి ముఖం మాత్రం మెత్తని లోహం. ఇంత ఖరీదైన ఇంజన్‌లో మెత్తని లోహం ఎందుకు? కావాలనే పెట్టారు. ఆయిల్‌తో పాటు ఇసుక రేణువో, ఇనుప నలుసో వస్తే ఆ మెత్తని పొర దాన్ని తనలోకి దిగనిస్తుంది. షాఫ్టు మీద గీత పడకుండా కాపాడుతుంది. మరీ ముప్పు వస్తే ముందు తానే అరిగిపోతుంది. షాఫ్టు ఖరీదు ముందు రేకుల ఖరీదు ఏపాటిది? ఇంటికి దిష్టిబొమ్మ ఎలాగో, షాఫ్టుకు బేరింగు అలాగ!

1839లో అమెరికాకు చెందిన ఐజాక్ బాబిట్ తగరం, యాంటిమొనీ, రాగి కలిపి ఇలాంటి మెత్తని మిశ్రమాన్ని తయారుచేశాడు. వైట్ మెటల్ అని మన లేతు షాపుల్లో పిలిచే లోహం ఆ కుటుంబానిదే. తొలి రోజుల్లో దీన్ని కరిగించి గూట్లో పోసి, షాఫ్టుకు సరిపోయేలా చేత్తో గీకి సరిచేసేవారు. తర్వాత పల్చని రేకులొచ్చాయి. పాతది తీసి కొత్తది పెట్టుకోవడం తేలికైంది. మన దేశంలోనూ కోయంబత్తూరు కేంద్రంగా బైమెటల్ బేరింగ్స్ లాంటి సంస్థలు దశాబ్దాలుగా వీటిని తయారుచేస్తున్నాయి. అయితే పెట్టడం తేలికైంది కాబట్టి ఎంచుకోవడం కూడా తేలికే అనుకోవడంతోనే చిక్కంతా వస్తోంది.

తెనాలి: ముందు కొలత... తర్వాతే కొట్టు

ఊరి మధ్యనుంచి మూడు కాల్వలు పారే తెనాలికి ఆంధ్రా ప్యారిస్ అన్న పేరుంది. చుట్టూ కృష్ణా డెల్టా పొలాలు. ఇటు గుంటూరు, అటు విజయవాడ, కింద బాపట్ల, పక్కన రేపల్లె. నాలుగు వైపుల నుంచీ రైలు మార్గాలు కలిసే కూడలి ఇది. ధాన్యం సీజన్‌లో ట్రాక్టర్లు, పెళ్లిళ్ల రోజుల్లో కార్లు విరామం లేకుండా తిరిగే ప్రాంతం. ఇలాంటి చోట మెకానిక్ షెడ్డులో వినిపించే మాట ఒకటుంది.

‘‘మేస్త్రీ, షాఫ్టు బానే ఉందిగా. బేరింగులొక్కటీ మార్చెయ్, ఖర్చు తగ్గుద్ది!’’

‘‘చూస్తే తెలిసేది కాదు బాబాయ్. కొలవాలి.’’

మంచి మేస్త్రి ఎవరో ఈ జవాబుతోనే తెలిసిపోతుంది. షాఫ్టులో బేరింగు కూర్చునే నున్నటి భాగాన్ని జర్నల్ అంటారు. కంటికి అద్దంలా మెరుస్తున్నా అది కోలగా అరిగి ఉండొచ్చు. ఒక చివర లావుగా, రెండో చివర సన్నగా ఉండొచ్చు. అందుకే మైక్రోమీటర్‌తో ప్రతి జర్నల్‌నూ రెండు చివర్లా కొలవాలి. మళ్లీ షాఫ్టును పావు చుట్టు తిప్పి కొలవాలి. అన్ని అంకెలూ కాగితం మీద రాసి, కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుతో పోల్చాలి. హద్దులోపే ఉంటే స్టాండర్డ్ సైజు బేరింగులు చాలు. దాటితే షాఫ్టును గ్రైండింగుకు పంపాలి.

గ్రైండింగ్ అంటే అరిగిన జర్నల్‌ను సమంగా చెక్కి గుండ్రంగా చేయడం. షాఫ్టు సన్నబడుతుంది కాబట్టి రేకు అంత మందంగా ఉండాలి. సాధారణంగా దొరికే అండర్‌సైజులు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్లు. అంగుళాల లెక్క అలవాటైనవాళ్లు వీటినే టెన్, ట్వంటీ, థర్టీ, ఫార్టీ అంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. జర్నల్ అసలు కొలత 50.00 మిల్లీమీటర్లు అనుకుంటే మొదటి గ్రైండింగు తర్వాత 49.75 అవుతుంది. రెండు వైపులా రేకు ఉంటుంది కాబట్టి ఒక్కో రేకు 0.125 మిల్లీమీటర్లు మందంగా ఉండాలి. ఇక్కడ పొరపాటు పడితే? గ్రైండింగ్ చేయని షాఫ్టుకు అండర్‌సైజు రేకులు పెడితే క్యాప్ బిగించగానే షాఫ్టు బిగుసుకుపోతుంది. గ్రైండింగ్ చేసిన షాఫ్టుకు స్టాండర్డ్ రేకులు పెడితే ఖాళీ ఎక్కువై ఆయిల్ ప్రెషర్ నిలవదు. స్టార్ట్ చేసిన కాసేపటికే లోపల ‘టకటక’ మొదలవుతుంది.

విడిభాగాల కోసం తెనాలివాళ్లకు దగ్గర్లోనే విజయవాడ ఆటోనగర్ ఉంది. అక్కడికి వెళ్లేముందు రెండు పనులు చేసుకోవాలి. ఒకటి, ఆ మోడల్‌కు ఏయే అండర్‌సైజులు దొరుకుతున్నాయో కనుక్కున్నాకే షాఫ్టును చెక్కించాలి. చెక్కేశాక ఆ సైజు రేకులు దొరక్కపోతే షాఫ్టు వృథా. రెండు, జర్నల్ పైపొరను గట్టిపరిచిన షాఫ్టులు కొన్నుంటాయి. చెక్కితే ఆ గట్టి పొర పోతుంది. వాటిని గ్రైండ్ చేయొచ్చో లేదో మాన్యువల్ చెబుతుంది. కొన్ని కొత్త ఇంజన్లలో రేకు మందాన్ని రంగు చుక్కలతో సూచిస్తారు. పసుపు, నీలం, ఆకుపచ్చ... ఒక్కో రంగుకూ తేడా మిల్లీమీటరులో కొన్ని వెయ్యోవంతులే. బ్లాకు మీదా, షాఫ్టు మీదా ఉన్న గుర్తుల్ని చూసి ఆ రంగు రేకునే తేవాలి. ‘అన్నీ ఒకటేలే’ అనుకుంటే కుదరదు.

బాపట్ల: షాఫ్టును తేల్చే ఆయిల్

తెనాలి నుంచి చెన్నై రైలు మార్గంలో కిందికి వెళితే బాపట్ల. భావనారాయణస్వామి కొలువైన ఊరు. 1945 నాటి వ్యవసాయ కళాశాల, 1981లో మొదలైన ఇంజినీరింగ్ కళాశాల ఉన్న చదువుల ఊరు. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం కూడా. రేపల్లె ఈ జిల్లాలోకే వచ్చింది. తెనాలి మాత్రం గుంటూరు జిల్లాలోనే ఉంది. మెకానికల్ ఇంజినీరింగ్ పిల్లలు తరగతి గదిలో చదివే పాఠం ఒకటి బేరింగు రహస్యాన్ని విప్పి చెబుతుంది.

1883లో ఇంగ్లండ్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఆయిల్ పోయడానికి బేరింగు పైభాగంలో రంధ్రం చేశాడు. ఇరుసు తిరగడం మొదలవగానే ఆ రంధ్రంలోంచి ఆయిల్ పైకి తన్నుకొచ్చింది. బిరడా కొడితే బిరడానే బయటకు నెట్టేసింది. తిరిగే ఇరుసు ఆయిల్‌ను ఇరుకు సందులోకి లాగి, బరువును మోయగల ఒత్తిడి పుట్టిస్తోందని అలా బయటపడింది. దానికి లెక్క కట్టి 1886లో సమీకరణం రాసింది ఆస్బోర్న్ రేనాల్డ్స్.

తడిసిన గచ్చు మీద కాలు జారడం అందరికీ అనుభవమే. పాదానికీ గచ్చుకూ మధ్య పల్చటి నీటి పొర ఉండటమే కారణం. ఇంజన్‌లోనూ అంతే. బాగా నడుస్తున్న ఇంజన్‌లో షాఫ్టు బేరింగును అసలు తాకదు. ఆయిల్ పొర మీద తేలుతుంది. ఆ పొరకు చోటివ్వడానికే ఖాళీ వదులుతారు. 50 మిల్లీమీటర్ల జర్నల్‌కు ఆ ఖాళీ దాదాపు 0.05 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందం కన్నా తక్కువే! కచ్చితమైన అంకె ఇంజన్‌ను బట్టి మారుతుంది. మాన్యువల్ మాటే ఆఖరి మాట.

ఖాళీ తగ్గితే ఆయిల్‌కు చోటు చాలదు. వేడెక్కి పట్టేస్తుంది. పెరిగితే ఆయిల్ పక్కలకు కారిపోయి ప్రెషర్ పడిపోతుంది. ఈ ఖాళీని కొలిచేందుకు ప్లాస్టీగేజ్ అనే సన్నని మైనపు పోగు దొరుకుతుంది. దాన్ని జర్నల్ మీద పెట్టి, క్యాప్‌ను సరైన బిగింపుతో బిగించి, షాఫ్టు తిప్పకుండానే మళ్లీ విప్పాలి. నలిగిన పోగు వెడల్పును కవరు మీది కొలతలతో సరిపోల్చితే ఖాళీ ఎంతో తెలుస్తుంది. ఇదంతా కొద్ది నిమిషాల పని. ఇంజన్ మళ్లీ దింపే బాధను తప్పించే పని.

ఆయిల్ ఎంపిక కూడా ఈ ఖాళీతో ముడిపడిందే. పాత ఇంజన్లకు 20 డబ్ల్యూ 50 లాంటి చిక్కటి ఆయిల్. కొత్తవాటిలో చాలావాటికి 0 డబ్ల్యూ 20 లాంటి పల్చటిది. పక్కింటివాళ్లు ఏది పోస్తే అది పోయడం కాకుండా, ఆ ఇంజన్‌కు చెప్పినదే పోయాలి.

బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక తీరం. సముద్రం దగ్గరున్న ఊళ్లలో విప్పిన ఇంజన్‌కు ఇంకో శత్రువు ఉప్పుగాలి. గ్రైండింగ్ నుంచి వచ్చిన షాఫ్టును ఆయిల్ పూసి, కవరు చుట్టి ఉంచకపోతే నున్నటి జర్నల్ మీద తుప్పు చుక్కలు లేస్తాయి. వరద ముప్పు సరేసరి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. నీట మునిగిన కారును నీళ్లు తగ్గగానే స్టార్ట్ చేసి చూడాలనిపిస్తుంది. అదే పెద్ద ప్రమాదం. నీళ్లు కలిసిన ఆయిల్ షాఫ్టును తేల్చలేదు. రేకులు నిమిషాల్లో పాడైపోవచ్చు. ముందు ఆయిల్ దించి చూడటమే క్షేమం.

పాత రేకు చెప్పే జాతకం

విప్పిన వెంటనే పాత రేకుల్ని డబ్బాలో పడేయకూడదు. ఏది ఎక్కడిదో నంబరు వేసి వరసగా పేర్చాలి. ఇంజన్ ఎందుకు పాడైందో అవే చెబుతాయి.

చుట్టూ సన్నటి గీతలుంటే ఆయిల్‌లో దుమ్ము చేరిందని. ఫిల్టర్ చూసుకోవాలి. మూడు పొరల రేకులో రాగి రంగు బయటపడితే పైపొర అరిగిపోయిందని. రేకు ఒక అంచునే అరిగి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగి ఉండొచ్చని, లేదా జర్నల్ ఒక చివర సన్నబడి ఉండొచ్చని. మెయిన్ బేరింగుల్లో మధ్యవే ఎక్కువ అరిగితే షాఫ్టో, బ్లాకో వంగిందేమో చూడాలని. నల్లబడి గుంటలు పడితే ఆయిల్ మార్చడం బాగా ఆలస్యమైందని, లేదా నీళ్లు కలిశాయని. రేకు వీపు మెరుగు పెట్టినట్టు తళతళలాడుతుంటే గూట్లో గట్టిగా కూర్చోలేదని.

ఈ కారణం సరిచేయకుండా ఎంత మంచి కంపెనీ బేరింగు వేసినా దానికీ అదే గతి.

రేపల్లె: పట్టాలు ఆగే చోట

బాపట్ల నుంచి కర్లపాలెం, చెరుకుపల్లి మీదుగా 216వ నంబరు జాతీయ రహదారి రేపల్లెకు చేరుస్తుంది. అక్కడి నుంచి పెనుమూడి దగ్గర కృష్ణ దాటితే దివిసీమ. ఇటు నిజాంపట్నం హార్బరులో మర పడవలు. రోడ్డు మీదా నీటి మీదా ఇక్కడ ఎక్కువగా వినిపించేది డీజిల్ చప్పుడు.

డీజిల్ ఇంజన్‌లో మంట దెబ్బ పెట్రోలు ఇంజన్ కన్నా గట్టిగా తగులుతుంది. ఆ దెబ్బంతా రేకుల మీదే. అందుకే బేరింగు లోహాన్ని కూడా పనిని బట్టి ఎంచాలి. వైట్ మెటల్ చాలా మెత్తన, నలుసుల్ని బాగా మింగుతుంది, కానీ పెద్ద బరువుకు పగుళ్లిస్తుంది. అల్యూమినియం, తగరం కలిపిన రేకులు మామూలు పెట్రోలు కార్లకు చక్కగా సరిపోతాయి. బరువు లాగే డీజిల్ ఇంజన్లకు మూడు పొరల రేకులు వాడుతుంటారు. ఉక్కు వీపు, దాని మీద రాగి మిశ్రమం, పైన ఒక మెత్తని పూత. ఆ పూత మందం దాదాపు 0.02 మిల్లీమీటర్లే. యూరప్‌లో కొత్త కార్ల ఇంజన్ బేరింగుల్లో సీసం వాడకానికి 2011లో తెరపడింది. దాంతో సీసం లేని మిశ్రమాలొచ్చాయి. సిగ్నల్ దగ్గర తనంతట తానే ఆగి మళ్లీ స్టార్టయ్యే కార్ల కోసం పాలిమర్ పూత రేకులూ వచ్చాయి. స్టార్టయ్యే ప్రతిసారీ ఆయిల్ పొర ఏర్పడేలోపు క్షణకాలం షాఫ్టు, రేకు రాసుకుంటాయి. ఆ రాపిడిని ఈ పూత తట్టుకుంటుంది.

ఖరీదు ఎక్కువైతే మేలైనదని కాదు. రేసు కార్లకు చేసిన గట్టి రేకును ఇంటి కారుకు వేస్తే నలుసుల్ని మింగే గుణం తగ్గి షాఫ్టుకే గీతలు పడొచ్చు. ఆ ఇంజన్‌కు కంపెనీ వాడిన రకమే వాడటం ఇంటివాళ్లకు సురక్షితమైన దారి. పేరున్న తయారీ, బిల్లు, సీలున్న పెట్టె, రేకు వీపు మీద సైజు ముద్ర... ఈ నాలుగూ చూసుకోవాలి. పెట్టె మీద 0.25 అని ఉండి రేకు మీద ఇంకో అంకె ఉంటే అక్కడే తిప్పి ఇచ్చేయాలి.

బిగింపులోనూ పట్టింపులున్నాయి. గూడు, రేకు వీపు పొడిగా శుభ్రంగా ఉండాలి. ఆయిల్ పూయాల్సింది లోపలి ముఖానికే. ఆయిల్ రంధ్రం ఉన్న రేకు బ్లాకులోని రంధ్రానికి ఎదురుగా రావాలి. ఏ క్యాప్ ఎక్కడిదో, ఎటు తిరిగి ఉండేదో మారకూడదు. రేకు గూడు కన్నా రవ్వంత పొడవుగా ఉంటుంది. క్యాప్ బిగిస్తే నొక్కుకుని గూట్లో గట్టిగా కూర్చోవడానికే ఆ పొడవు. అది తెలియక రేకు అంచునో, క్యాప్‌నో ఆకురాయితో రాసేయడం, బిగువు కోసం రేకు వెనక కాగితం పెట్టడం మొదటికే మోసం. బోల్టుల్ని చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచితోనే బిగించాలి. ఒక్కో క్యాప్ బిగించగానే షాఫ్టును చేత్తో తిప్పి చూడాలి. ఎక్కడ పట్టేస్తే అక్కడే ఆగాలి. అంతా అయ్యాక ఇంజన్‌కు మంట ఇవ్వకుండా తిప్పి, ఆయిల్ ప్రెషర్ వచ్చాకే స్టార్ట్ చేయాలి.

తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా వచ్చే రైలు మార్గం రేపల్లెలో ముగుస్తుంది. ఆపైన పట్టాలు లేవు. క్రాంక్ షాఫ్టుకూ ఇలాంటి ఆఖరి స్టేషన్ ఒకటుంది. స్టాండర్డ్‌లో బయల్దేరి 0.25, 0.50, 0.75 దాటుకుంటూ, ఆ మోడల్‌కు దొరికే ఆఖరి సైజు దగ్గర దాని ప్రయాణం ఆగిపోతుంది. తేడా ఒక్కటే. రైలు వెనక్కి తిరిగి తెనాలి వెళుతుంది. చెక్కిన లోహం వెనక్కి రాదు. 0.25తో సరిపోయే షాఫ్టును కొలవకుండా 0.50కి చెక్కించినవాళ్లు ఒక స్టేషన్‌ను ఊరికే వదులుకున్నట్టే. వేళకు ఆయిల్ మార్చి, కొలిచి, సరైన రేకు వేసుకున్నవాళ్ల ఇంజన్ మాత్రం ఒక్కో స్టేషన్‌లో ఏళ్ల తరబడి ఆగుతూ నింపాదిగా సాగుతుంది. దాన్ని తుక్కు కొట్టులో వెతుక్కోవాలంటే తెనాలి శిల్పులు చాలాకాలమే ఎదురుచూడాలి!